ట్రెక్కింగ్ దుస్తులు: ఎక్కడ ఆదా, ఎక్కడ ఖర్చు?

హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు దుస్తులు మూడు పొరలుగా వేసుకుంటారు. ఒంటికి అంటి ఉండేది చెమటను బయటికి పంపాలి, మధ్యది వెచ్చదనాన్ని నిలపాలి, పైది గాలిని, వానను ఆపాలి.

మొదటి రెండింటికీ డెకథ్లాన్ అమ్మే కెచువా వంటి చవక రకాలు సరిపోతాయి. నూలు బనియన్ మాత్రం తడిస్తే త్వరగా ఆరదు కాబట్టి పనికిరాదు.

అసలు తేడా పైపొరలో ఉంది. నార్త్ ఫేస్, పటగోనియా వంటి బ్రాండ్ల ఖరీదైన రెయిన్ జాకెట్లు వానను ఆపుతూనే చెమట ఆవిరిని మెరుగ్గా వదులుతాయి. మామూలు ప్లాస్టిక్ రెయిన్‌కోటులో చెమట లోపలే నిలుస్తుంది. నడక ఆపగానే ఒళ్లు చల్లబడుతుంది. ఎత్తైన చోట అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ధరను వాడే రోజులతో భాగించి చూడాలి. 20,000 రూపాయల జాకెట్‌ను 100 రోజులు వాడితే రోజుకు 200. 3,000 రూపాయలది 5 రోజులే వాడితే 600. ఒక్కసారికే వెళ్లేవారికి మనాలి వంటి చోట్ల అద్దెకు తీసుకోవడమే మేలు.