వెనక సీటు చరిత్ర

స్కూటరు గురించి రాసినవాళ్ళంతా హేండిలు పట్టుకున్న మహానుభావులే. వెనక ఒక పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్ళో పిల్లాణ్ణి, చేతిలో సంచీని పట్టుకున్న మనిషి నడుము సంగతి ఎవరూ రాయలేదు. అందుకే ఇది.

ఇటలీలో కొరాదినో దాస్కానియో అనే విమానాల ఇంజనీరు 1946లో వెస్పాకి రూపం ఇచ్చాడు. ఆయనకి మోటారుసైకిళ్ళంటే గిట్టదట. ఇంజను వెనక్కి నెట్టి, ముందు కాళ్ళు పెట్టుకోను చోటు వదిలాడు. గౌను తొడుక్కున్నవాళ్ళూ హాయిగా ఎక్కొచ్చు. బాగానే ఉంది. కానీ వెనక చక్రానికి స్ప్రింగు రావడానికి 1948 దాకా ఆగాల్సివచ్చింది! రెండేళ్ళు వెనకవాళ్ళ గతి ఏమిటో చూడండి.

మనకి బజాజ్ వారి చేతక్ 1972లో వచ్చింది. డబ్బు కట్టి ఏళ్ళతరబడి ఎదురుచూశారు జనం. లంబ్రెటా వంశంలోది మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే విమానం పేరు దానికి ఎవరు పెట్టారోగాని, మన కుటుంబాలు బాగా తెలిసినవారే అయ్యుండాలి.

ఇక మన గుంటూరు, ప్రకాశం దారులు. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. పైన వేసిన రోడ్డు దానితోబాటే అలలు తేలుతుంది. పత్తి బోరేల లారీలూ, మిరప టిక్కీల లారీలూ మిగతా పని పూర్తిచేస్తాయి. పర్చూరు నించి చిలకలూరిపేట వెళ్ళొచ్చిన ఇల్లాలిని అడగండి.

ఆ కుదుపుని మింగేది వెనక షాక్ అబ్జార్బరు. స్ప్రింగు దెబ్బ తీసుకుంటుంది. లోపలి గొట్టంలో నూనె సన్నని రంధ్రాలగుండా కదులుతూ, ఆ స్ప్రింగు ఉయ్యాల ఊగకుండా పట్టి ఉంచుతుంది. నూనె కారిపోతే మిగిలేది ఉయ్యాలే.

స్కూటర్ల తయారీ ఆపేస్తామని బజాజ్ కంపెనీ 2009లో ప్రకటించింది. అయినా పాత బండిని ప్రాణంలా చూసుకునే మగవాళ్ళు మోటారుసైకిలు షాక్ అబ్జార్బరు తెచ్చి బిగిస్తుంటారు. తిప్పలన్నీ ఇక్కడే. మోటారుసైకిలుకి అటొకటి ఇటొకటి ఉంటాయి, సగం సగం బరువు మోస్తాయి. అందులో ఒకదాన్ని తెచ్చి స్కూటరుకి పెడితే ఇద్దరు ఎక్కగానే కూలబడుతుంది. పోనీ కొత్త మోటారుసైకిళ్ళ ఒంటి షాక్ అబ్జార్బరు పెడదామా అంటే, దాని స్ప్రింగు మరీ మొండిది, అసలు వంగదు. పై కన్నం నించి కింది కన్నానికి ఉన్న పొడుగు పాతదానితో సరిపోవాలి. అంగుళం ఎక్కువైతే బండి తోక లేచి ముక్కు వాలుతుంది, స్టాండు మీద కూడా సరిగా నిలవదు.

అన్నీ కుదిరినా ఒక చిక్కు. షెడ్డుకి వెళ్ళేది ఆయనొక్కరే. ఆయన్ని కూర్చోబెట్టి మెకానిక్కు స్ప్రింగు కింద గాళ్ళున్న రింగు తిప్పి "సరిపోయింది సార్" అంటాడు. ఎవరికి సరిపోయింది?

ఈసారి మీరూ వెళ్ళండి. పిల్లాణ్ణి, కూరల సంచీని కూడా తీసుకెళ్ళి, అందరూ ఎక్కి కూర్చోండి. స్ప్రింగు మొత్తం కదలికలో మూడోవంతు దాకా దిగితే చాలు. ఇంకా దిగితే రింగు ఒక గాడి బిగించమనండి. తర్వాత దిగి, వెనక సీటుని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగిపోవాలి. రెండోసారి ఊగిందంటే, ఆయన ఎంత తొందరపడినా సరే, డబ్బులివ్వనివ్వకండి.