ఎవరింటికి ఎవరు వెల్ల వెయ్యాలి?

"వాళ్ళింటికి నువ్వు వెల్ల వెయ్యటమేందే?" అంది మా అమ్మ ఫోన్లో.

నరసరావుపేటలో రాత్రి పదిన్నర. ఇక్కడ స్టుట్‌గార్ట్‌లో కిటికీలోంచి ఇంకా ఎండ పోలేదు. సామాను సగం అట్టపెట్టెల్లోకి ఎక్కింది. నేను నిచ్చెన మెట్టు మీద కూర్చుని పదమూడేళ్ళ నాటి అద్దె ఒప్పందం చదువుతున్నాను. మా ఆయనకు ఉద్యోగం ఉల్మ్‌కు మారింది. నెలాఖరుకి ఇల్లు అప్పగించాలి. ఒప్పందం ప్రకారం వంటింటికీ స్నానాల గదికీ మూడేళ్ళకోసారి, హాలుకూ పడగ్గదులకూ ఐదేళ్ళకోసారి, మిగతా మూలలకు ఏడేళ్ళకోసారి మేమే రంగు వేయించాలట.

"ఇల్లు వాళ్ళది. నెలనెలా అద్దె ఇచ్చింది మీరు. మళ్ళా వెల్ల కూడా మీరే ఎయ్యాల్నా?"

అమ్మకు మింగుడు పడలేదు. ఈ దేశంలో కోర్టులకు కూడా చాలాకాలం మింగుడు పడని ప్రశ్నే అది. జర్మనీ అంటే మనవాళ్ళకు హిట్లర్, బెర్లిన్ గోడ గుర్తొస్తాయి. నాకు ఈ దేశపు చరిత్ర కాస్తో కూస్తో తెలిసింది మాత్రం మా హాలు గోడ వల్ల. అది చెబుదామనే ఈ నాలుగు ముక్కలు.

మా తాతది పిడుగురాళ్ళ, సున్నపు బట్టీల ఊరు. పలనాటి నేల కింద ఎక్కడ తవ్వినా సున్నపురాయే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలకు పోయిందీ ఆ రాయే, కాలి మా గోడలకెక్కిందీ ఆ రాయే. సంక్రాంతికి పదిరోజుల ముందు తాత గోనెసంచిలో గుల్లసున్నం తెచ్చేవాడు. గోలెంలో పోసి నీళ్ళు పొయ్యగానే కుతకుతా ఉడికేది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవాళ్ళు కాదు. చల్లారాక వడగట్టి, ఒంటికి అంటకుండా తుమ్మజిగురు, తెలుపు మెరవడానికి చిటికెడు నీలిమందు కలిపేవాళ్ళు. గోడలకు వెల్ల, అరుగు అంచుకు జాజు, గడపకు పసుపు.

మనకు వెల్ల పండగొస్తుందని వేసేది, పెళ్ళి కుదిరిందని వేసేది. ఇల్లు వదిలి పోతున్నామని వెల్ల వేసినవాళ్ళను పేటలో నేను చూడలేదు. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఊడ్చి తాళం చేతికిచ్చి పోతారు. కొత్తవాళ్ళు పాలు పొంగించుకునే లోపు ఇంటాయనే వేయించుకుంటాడు. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లల్ని అడిగితే ఇంకో రకం చెబుతారు. అక్కడ పెయింటింగుకని అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసుకోవడం మామూలు.

జర్మన్లు ఈ పనికి పెట్టుకున్న పేరు షోన్‌హైట్స్‌రెపరాటూరెన్. విడగొట్టి చెబితే 'అందపు మరమ్మతులు'. అందులో ఏమేం వస్తాయో సర్కారు సాయంతో కట్టిన ఇళ్ళ అద్దె లెక్కల నిబంధనల్లో వివరంగా రాశారు. గోడలకూ పైకప్పుకూ కాగితం అంటించడం, రంగు వెయ్యడం లేదా సున్నం కొట్టడం. నేలకు, హీటర్లకు, వాటి గొట్టాలకు, లోపలి తలుపులకు రంగు. కిటికీలకూ వీధి తలుపుకూ అయితే లోపలి వైపు మాత్రమే. ఆ జాబితాలో సున్నం మాట చూసి పిడుగురాళ్ళ మనవరాలికి కాస్త గర్వమేసింది. కానీ ఇక్కడి అద్దె ఇళ్ళలో నాకు ఎక్కువగా కనబడింది చెక్కపొట్టు కలిపి చేసిన గరుకు కాగితం. 1864లో హ్యూగో ఎర్‌ఫుర్ట్ అనే మందుల తయారీ చదువుకున్నాయన దాన్ని కనిపెట్టాడు. ముందు దుకాణాల అద్దాల వెనక అలంకారానికి వాడారు, తర్వాత ఇళ్ళ గోడలెక్కింది. అద్దెకున్నవాళ్ళు మారినప్పుడల్లా దాని మీద ఇంకో తెల్లపొర పడుతుంది.

అమ్మ ప్రశ్నకు ఇక్కడి చట్టం ఇచ్చిన మొదటి జవాబు అమ్మ పక్షమే. 1900 జనవరి 1న అమల్లోకి వచ్చిన జర్మన్ పౌరస్మృతి ప్రకారం ఇల్లు ఉండటానికి తగ్గట్టుగా అప్పగించడమే కాక, ఉన్నన్నాళ్ళూ అట్లాగే ఉంచడం యజమాని పని. మామూలు వాడకంలో అరిగినదానికి అద్దెకున్నవాళ్ళ పూచీ లేదు. అదే ఏడాది లైప్‌జిగ్‌లో అద్దెదారుల సంఘాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఇప్పటికీ ఈ దేశంలో సగానికి పైగా కుటుంబాలు అద్దె ఇళ్ళలోనే ఉంటాయి. సొంతిల్లు లేదంటే సంబంధం వెనక్కి పోయే మన ఊళ్ళతో పోల్చుకోకండి. ఇక్కడ డాక్టర్లు, ప్రొఫెసర్లు కూడా అద్దె ఇంట్లోనే ముసలివాళ్ళయిపోతారు. అందుకే అద్దె చట్టమంటే అందరికీ పట్టింపు.

అయితే ఆ చట్టం ఒక తలుపు ఓరగా తీసి ఉంచింది. ఇద్దరూ ఒప్పుకుంటే వేరే విధంగా రాసుకోవచ్చు. వెల్ల ఖర్చు ఆ సందులోంచే అద్దెకున్నవాళ్ళ నెత్తి మీదికి జారింది.

1936లో నాజీ ప్రభుత్వం ధరలన్నిటితో పాటు అద్దెలనూ ఉన్నచోటే బిగించింది. తర్వాత యుద్ధం. 1944 జులై ఆఖర్లో వరసగా కురిసిన బాంబులకు స్టుట్‌గార్ట్ నడిబొడ్డు కాలిపోయింది. ఊరికి పడమట బిర్కెన్‌కోప్ఫ్ అనే కొండ ఉంది. యుద్ధం అయ్యాక కూలిన ఇళ్ళ రాళ్ళూ రప్పలూ తీసుకెళ్ళి దాని మీదే పోశారు. కొండ దాదాపు 40 మీటర్లు పెరిగి, ఇప్పుడు సముద్ర మట్టానికి 511 మీటర్ల ఎత్తున నిలిచింది. ఊరి జనం దానికి 'మోంటె షెర్బెలీనో' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. పెంకుల కొండ అన్నమాట. కొండెక్కితే మన కాళ్ళ కింద ఎవరింటి కిటికీ కమ్మీయో, ఎవరి గుమ్మం మీది చెక్కిన పువ్వో కనబడుతుంది. అవి చెప్పాపెట్టకుండా ఖాళీ అయిన ఇళ్ళు. మొదటిసారి ఎక్కిన రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఉన్న ఇళ్ళు కూలిపోయిన ఆ రోజుల్లోనే తూర్పు నుంచి తరిమేసిన జర్మన్లు దాదాపు 1.2 కోట్ల మంది వచ్చిపడ్డారు. 1946లో గెలిచిన నాలుగు దేశాల మండలి చట్టం చేసింది. ఎవరింట్లో ఖాళీ గది ఉన్నా అధికారులు అందులో వేరే కుటుంబాన్ని పెట్టవచ్చు. ఒక్క వంటింట్లో రెండు మూడు పొయ్యిలు వెలిగిన కాలం అది. పశ్చిమ జర్మనీ 1950లో ఆరేళ్ళలో 18 లక్షల ఇళ్ళు కట్టాలని చట్టమే చేసుకుంది. అద్దె పెంచే హక్కు గానీ, ఎవర్ని పెట్టుకోవాలో తేల్చే హక్కు గానీ యజమానికి లేవు. తల దాచుకోవడానికి ఇంత నీడ దొరికితే చాలుననుకునేవాళ్ళు అద్దెకొచ్చినవాళ్ళు. గోడ నల్లబడితే ఎవరు వేస్తారు వెల్ల? లోపల ఉన్నవాళ్ళే.

1960 నుంచి ఆ కట్టుబాట్లు ఒక్కొక్కటే సడలించారు. ఇళ్ళు వచ్చాయి, డబ్బు వచ్చింది, ఒప్పందంలో ఆ వాక్యం మాత్రం పోలేదు. సాగర్ కాలువ పారిన తర్వాత కూడా మా నాయనమ్మ ముఖం కడిగిన నీళ్ళు పారబొయ్యకుండా పాదుకు పోసేది. ఇదీ అట్టాంటిదే. కరువులో పడిన అలవాటు కలిమిలో పోదు. 1976లో న్యాయశాఖే ఒక నమూనా ఒప్పందం అచ్చువేసింది. మూడేళ్ళు, ఐదేళ్ళు, ఏడేళ్ళు అన్న లెక్క అందులోనిదే. వెల్ల ఖర్చు కూడా అద్దెలో ఒక భాగమే, అది భరిస్తున్నారు గనకే అద్దె ఆ మేరకు తక్కువ అని కోర్టులు సర్దిచెప్పాయి.

తూర్పు జర్మనీలో కథ వేరేగా ముగిసింది. అక్కడ అద్దెలు 1936 నాటి మట్టంలోనే ఆగిపోయాయి. రొట్టె కొన్నంత తేలిగ్గా అద్దె కట్టేవాళ్ళు. కానీ ఆ డబ్బుతో పైకప్పు పెంకు కూడా మారదు. పాత ఊళ్ళలో ఇళ్ళకు ఇళ్ళు కురిసి, చెమ్మగిల్లి, కూలిపోయాయి. ఆయుధాలు లేకుండా శాంతి తెద్దామన్న నినాదాన్ని తిప్పి, ఆయుధాలు లేకుండా శిథిలాలు తెచ్చామని అక్కడి జనం తమ మీద తామే జోకులేసుకున్నారు. మరమ్మతు ఎవరి ఖర్చో తేలకపోతే చివరికి ఇల్లే ఖర్చయిపోతుంది.

పశ్చిమాన తిరుగుబాటు నెమ్మదిగా, కోర్టు కాగితాల మీద జరిగింది. మా ఊరి నుంచి రైల్లో గంట దూరంలో కార్ల్స్‌రూహె ఉంది. పౌర వ్యాజ్యాల్లో దేశానికి పెద్ద కోర్టు అక్కడే. 2004 జూన్ 23న ఆ కోర్టు ఒక మాట అంది. గోడ ఎట్లా ఉందో చూడకుండా గడువు వచ్చింది గనక రంగు వెయ్యమనే షరతు చెల్లదు. షరతు చెల్లకపోతే మళ్ళీ 1900 నాటి చట్టమే వర్తిస్తుంది, అంటే బాధ్యత యజమానిది. ఆ ఒక్క తీర్పుతో లెక్కలేనన్ని పాత ఒప్పందాల్లో వెల్ల షరతు ఉత్త కాగితమైపోయింది. 2015 మార్చి 18న ఇంకో అడుగు. పాత మరకలతో ఇల్లు అప్పగించి, తగిన పరిహారమేమీ ఇవ్వకుండా పోయేటప్పుడు కొత్తగా చేసిమ్మంటే కుదరదు. 2020లో మధ్యేమార్గం ఒకటి. అట్లాంటి ఇల్లు బాగా పాడైతే అద్దెకున్నవాళ్ళు యజమాని చేత వెల్ల వేయించుకోవచ్చు, కానీ మామూలుగా ఖర్చులో సగం భరించాలి. వెల్ల దగ్గర ఇన్ని పంచాయితీలా అని నవ్వకండి. పలనాటి యుద్ధానికి ముందు జరిగింది కోడిపందెమే కదా.

ఆ కథ ఇక్కడ ఊరికే గుర్తు రాలేదు. మాకంటే ముందు ఇల్లు ఖాళీ చేసిన పలనాటి వాళ్ళు మలిదేవుడు, బ్రహ్మనాయుడే. పందెం ఓడి మాచర్ల వదిలిపెట్టి ఏడేళ్ళు బయట గడిపారు. గడువు తీరాక మా భాగం మాకిమ్మని అలరాజును రాయబారం పంపారు. ఆయన తిరిగి రాలేదు. తర్వాత కారంపూడిలో ఏమైందో మీకు నేను చెప్పాలా? ఇక్కడ డిపాజిట్టు మూడు నెలల మూల అద్దెకు మించకూడదని చట్టం. దాన్ని వెనక్కి అడగబోయే ప్రతివాడికీ కొంచెం అలరాజు గుండె కావాలి. మా పాత ఇంటాయన ఒకాయన గోడకున్న మేకు కన్నాలు లెక్కబెట్టి మరీ డబ్బు పట్టుకున్నాడు. మోతాదులో ఉన్న కన్నాలు మామూలు వాడకం కిందికే వస్తాయని 1993లోనే కోర్టు అన్నదని అప్పటికి మాకు తెలియదు.

ఊడ్చే సంగతికి వస్తే, ఇంకా పాత చరిత్ర. స్టుట్‌గార్ట్ శుభ్రంగా ఉండటానికి ఎవరి పెంట వాళ్ళు వారం వారం బయటికి ఎత్తివెయ్యాలని ఎబర్‌హార్డ్ ప్రభువు 1492లోనే శాసించాడు. దాని వారసత్వమే 'కేర్‌వోహె', అంటే ఊడ్పు వారం. మెట్లు ఊడ్చే వంతు మనదైతే గుమ్మానికి ఒక పలక వేలాడుతుంది. పొద్దున్నే కల్లాపి చల్లే ఊరి నుంచి వచ్చినదాన్ని గనక నాకది కష్టమనిపించలేదు. వంతులేసుకోవడమే వింత. ఖాళీ చేసేటప్పుడు చాలా ఒప్పందాల్లో ఉండే మాట 'బేజెన్‌రైన్', చీపురు శుభ్రం. పెద్ద చెత్త లేకుండా ఊడిస్తే చాలునని 2006లో కోర్టు తేల్చింది.

ఇంతా చదివాక ఒప్పందం మళ్ళీ తెరిచాను. మాది ఆ మూడు, ఐదు, ఏడేళ్ళ షరతే. గోడ ఎట్లా ఉన్నా సరే అనే రకం. చెల్లదు. అద్దెదారుల సంఘంలో కాగితం చూపిస్తే వాళ్ళూ అదే చెప్పారు. కానీ వెంటనే ఒక ప్రశ్న వేశారు. "ఏ గదికైనా రంగు మార్చారా?"

మార్చాం. మా అమ్మాయికి మూడేళ్ళప్పుడు తన గదికి పసుపు రంగు వేశాం. గడప పసుపు రంగు కావాలని నేనే డబ్బాలు కలిపించాను. ఉన్నన్నాళ్ళూ రంగు మన ఇష్టమే. కానీ తెల్లగా తీసుకున్న ఇంటిని ఎరుపు, పసుపు, నీలం గోడలతో వెనక్కిచ్చినవాళ్ళు పరిహారం కట్టాలని 2013 నవంబర్ 6న తీర్పు వచ్చింది. తర్వాత వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి నచ్చే రంగు ఉండాలి.

తెలుపంటే అంత మక్కువేమిటో! ఈ ఊళ్ళోనే 1927లో వైసెన్‌హోఫ్ గుట్ట మీద మీస్ వాన్ డెర్ రోహె, లె కొర్బూజియే లాంటి వాళ్ళు చదును కప్పులతో కొత్త తరహా ఇళ్ళు కట్టి ప్రదర్శించారు. ఆ తెల్లటి గోడలను చూసి గిట్టనివాళ్ళు ఒంటెలూ సింహాలూ అతికించి, ఇది అరబ్బుల పల్లె అంటూ పోస్టుకార్డు వేశారు. అప్పుడు పరాయిదని వెక్కిరించిన తెలుపే ఇప్పుడు ఎవరికీ అభ్యంతరం లేని రంగు.

కాబట్టి హాలుకు వెయ్యనక్కర్లేదు. వంటింటికి వెయ్యనక్కర్లేదు. పదమూడేళ్ళ పోపు పొగ కూడా మామూలు వాడకమే. పసుపు గది ఒక్కటి మా చేత్తో తెల్లగా చేసివ్వాలి.

శనివారం పని మొదలుపెట్టాం. మొదటి పూతకు పసుపు చావలేదు. రెండో పూతకు పచ్చిపాల మీద మీగడలా తేలింది. ఫోన్ కిటికీకి ఆనించి పెడితే అమ్మ చూస్తూ కూచుంది. నీలిమందు కలపమని సలహా ఇచ్చింది. ఇది సున్నం కాదమ్మా, డబ్బా రంగు అన్నాను. తీర్పులన్నీ ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. అరిగింది ఇంటాయనది, మనం వేసుకున్న రంగు మనది అన్నాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"అయితే పదమూడేళ్ళలో ఆ ఇంట్లో మీదైంది ఆ పసుపు గోడ ఒక్కటేనన్నమాట" అంది.

మూడో పూతకు డబ్బా మూత తీశాను.