మాగెల్లాన్ దుబాసీ

తెలుగు మీడియంలో చదువుకున్న మా తరం వాళ్ళకు సాంఘిక శాస్త్రం పరీక్షలో ఒక బిట్ ప్రశ్న బాగా గుర్తుండే ఉంటుంది. ఓడలో భూమిని మొట్టమొదట చుట్టి వచ్చిన నావికుడెవరు? "మాగెల్లాన్" అని రాస్తే మార్కు పడేది. నిజానికి ఆ యాత్రలో మాగెల్లాన్ తిరిగి రాలేదు. 1519లో స్పెయిన్ నుంచి ఐదు ఓడలతో బయలుదేరి, 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దీవి ఒడ్డున, లోతులేని నీళ్ళలో పోరాడుతూ చనిపోయాడు. 1522 సెప్టెంబర్ 6న విక్టోరియా అనే ఒకే ఒక్క ఓడ, 18 మంది యూరప్ నావికులతో స్పెయిన్ చేరింది. దాని కెప్టెన్ హువాన్ సెబాస్టియన్ ఎల్కానో.

ఈ వ్యాసం మాత్రం వాళ్ళిద్దరి కోసం మొదలుపెట్టలేదు. ఆ ఓడల్లో ఒక దుబాసీ ఉండేవాడు. ఓడ జీతాల లెక్కల్లో అతని పేరు ఎన్రికే. అది బాప్తిస్మమప్పుడు యజమాని మతం వాళ్ళు పెట్టిన పేరు. కన్నవాళ్ళు ఏమని పిలిచేవారో ఏ పుస్తకంలోనూ లేదు. అతని కథ తెలియాలంటే ముందు లవంగాల కథ తెలియాలి.

లవంగాల దారి

మనం కిళ్ళీకి గుచ్చుకునే లవంగం, బిర్యానీలో వేసుకునే లవంగం, ఆ రోజుల్లో ప్రపంచం మొత్తానికీ ఒకే చోటినుంచి వచ్చేది. నేటి ఇండొనేషియాలో ఉన్న మొలక్కా దీవులు అవి. తెర్నాతే, తిదోర్, ఇంకా వాటి పక్కనే ఉన్న రెండు మూడు చిన్న దీవులు. అక్కడి లవంగం మన తీరానికి కొత్త కాదు. కాళిదాసు రఘువంశంలో ఇందుమతీ స్వయంవరం ఘట్టంలో, కళింగ రాజును వర్ణించేచోట, ద్వీపాంతరాల నుంచి లవంగ పూలు మోసుకొచ్చే సముద్రపు గాలి ప్రస్తావన ఉంది. అంటే వాస్కోడగామా పుట్టడానికి దాదాపు వెయ్యేళ్ళ ముందే ఆ దారి తెలిసినవాళ్ళు మన తూర్పు తీరంలో ఉన్నారు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారట. తాను మాత్రం న్యాయంగా రావలసిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని సముద్ర వర్తకులకు అందులో మాట ఇచ్చాడు.

ఆ వర్తకమంతా కలిసే పెద్ద కూడలి మలక్కా. ఇవాళ మలేషియాలో ఉంది. పోర్చుగీసు వాడైన తోమే పిరెస్ 1510లలో అక్కడ ఉండి రాసిన పుస్తకంలో, ఆ ఊళ్ళో 84 భాషలు వినబడతాయన్నాడు. గుజరాతీలు, జావా వాళ్ళు, చైనా వాళ్ళు, వాళ్ళతోపాటు "కెలింగ్" వర్తకులు. కళింగ అన్న మాటే మలయ్ నోట అలా మారింది. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన తమిళులు, తెలుగువాళ్ళు అందరినీ కలిపి అలాగే పిలిచేవారు.

మాగెల్లాన్ ఇక్కడ ప్రవేశిస్తాడు. 1480 ప్రాంతంలో ఉత్తర పోర్చుగల్‌లో పుట్టి, 1505లో వైస్రాయి అల్మైదా నౌకాదళంతో మన పశ్చిమ తీరానికి వచ్చాడు. 1509లో దియూ దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో ఉన్నాడు. 1511లో అల్బుకెర్క్ ఫిరంగులతో మలక్కాను పట్టుకున్నప్పుడు అక్కడా ఉన్నాడు. ఆ ఊళ్ళోనే ఎన్రికే అతనికి బానిస అయ్యాడు. అప్పటికి ఎన్రికేకి పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. యజమానితోపాటు హిందూ మహాసముద్రం దాటి, ఆఫ్రికా చుట్టి, పోర్చుగల్ చేరాడు.

మాగెల్లాన్ మొరాకో యుద్ధంలో కాలికి గాయమై జీవితాంతం కుంటాడు. జీతం పెంచమంటే రాజు మాన్యుయెల్ ఒప్పుకోలేదు. 1517లో స్పెయిన్ వెళ్ళి, అక్కడి యువరాజు చార్లెస్ రాజయ్యాక అతని ముందు ఒక ప్రతిపాదన పెట్టాడు. 1494 నాటి తోర్దెసియాస్ ఒప్పందం ప్రకారం ప్రపంచాన్ని స్పెయిన్, పోర్చుగల్ రెండు ముక్కలుగా పంచుకున్నాయి. పంచుకునే ముందు ప్రపంచాన్ని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి. లవంగాల దీవులు స్పెయిన్ వాటాలోకే వస్తాయనీ, పడమరగా వెళ్ళి వాటిని చేరతాననీ మాగెల్లాన్ వాదన. రాజు సంతకం చేశాడు. నిజానికి ఆ దీవులు పోర్చుగల్ సగంలోనే ఉన్నాయి. మధ్యలో అంత పెద్ద సముద్రం ఉందని ఆనాడు యూరప్‌లో ఎవరూ ఊహించలేదు.

ఆకలి సముద్రం

1519 సెప్టెంబర్ 20న సుమారు 240 మందితో ఓడలు బయలుదేరాయి. కెప్టెన్లలో ఎక్కువమంది స్పెయిన్ వాళ్ళు. పోర్చుగీసు వాడు తమ మీద పెత్తనం చేయడం వాళ్ళకు మింగుడుపడలేదు. దక్షిణ అమెరికా కొసన సాన్ హులియాన్ రేవులో చలికాలం గడుపుతుండగా తిరుగుబాటు చేశారు. మాగెల్లాన్ ఒక కెప్టెన్‌ని పొడిపించి చంపించాడు, ఇంకొకడి తల తీయించాడు, మూడోవాడిని ఒక మతగురువుతో పాటు ఆ నిర్జన తీరంలో వదిలేసి వెళ్ళాడు. ఆ తిరుగుబాటులో పాల్గొని క్షమాభిక్ష పొందినవాళ్ళలో ఎల్కానో ఒకడు!

ఒక ఓడ తుఫానుకు బద్దలైంది. 1520 అక్టోబర్ 21న ఇవాళ మాగెల్లాన్ పేరుతో పిలిచే జలసంధిలో ప్రవేశించారు. ఆ మెలికల దారిలో ఇంకో ఓడ దొంగచాటుగా వెనక్కి తిరిగి స్పెయిన్ వెళ్ళిపోయింది. నవంబర్ 28న మూడు ఓడలు అవతలి సముద్రంలోకి వచ్చాయి. గాలి నెమ్మదిగా ఉండటం చూసి పసిఫిక్, అంటే ప్రశాంతం, అని పేరు పెట్టారు.

తర్వాతి మూడు నెలల ఇరవై రోజుల గురించి ఇటలీకి చెందిన అంతోనియో పిగఫెత్తా తన డైరీలో రాసినది చదివితే తిండి సహించదు. బిస్కెట్లు పురుగులు పట్టి పొడి అయిపోయి, ఎలుకల మూత్రపు కంపు కొట్టేవి. నీళ్ళు పచ్చగా కుళ్ళిపోయాయి. తెరచాప కొయ్యలకు చుట్టిన తోలు ఊడదీసి, నాలుగైదు రోజులు సముద్రంలో నానబెట్టి, నిప్పుల మీద కాల్చి తిన్నారు. రంపపు పొట్టు తిన్నారు. ఎలుక ఒక్కొక్కటి అర డుకాటుకు అమ్ముడుపోయింది. చిగుళ్ళు వాచి పళ్ళు మూసుకుపోయి, తినడానికి ఏదైనా ఉన్నా తినలేక చనిపోయారు. విటమిన్ సి లేకపోతే వచ్చే స్కర్వీ జబ్బు అది.

1521 మార్చి 6న గ్వామ్ దీవి కనబడింది. అక్కడి వాళ్ళు ఓడలెక్కి చేతికందినవి పట్టుకుపోయారు, ఒక చిన్న పడవ కూడా. మాగెల్లాన్ నలభై మందితో దిగి, నలభై యాభై ఇళ్ళు తగలబెట్టి, ఏడుగురిని చంపి పడవ తెచ్చుకున్నాడు. దీవులకు "దొంగల దీవులు" అని పేరు పెట్టి ముందుకు సాగాడు. ఎవరు ఎవరి ఇంటికి పిలవకుండా వెళ్ళారో ఆలోచిస్తే ఆ పేరు చిత్రంగా ఉంటుంది.

అటునుంచి మాట వినబడింది

మార్చి 28. లిమసావా దీవి దగ్గర ఎనిమిది మంది ఉన్న చిన్న పడవ ఓడ వైపు వచ్చింది. ఎన్రికే వాళ్ళను తన భాషలో పలకరించాడు. వాళ్ళకు అర్థమైంది!

ఈ సన్నివేశం చుట్టూ చాలా కథలు అల్లారు. ఎన్రికే సొంత ఊరికి చేరాడనీ, భూమిని చుట్టిన మొదటి మనిషి అతనేననీ అంటారు. కొంచెం జాగ్రత్తగా చూద్దాం. అతను మాట్లాడింది మలయ్. ఆ దీవుల వాళ్ళ ఇంటిభాష అది కాదు. మన వైపు లారీ డ్రైవర్లకు హిందీ ఎలాగో, ఆ సముద్రాల్లో వర్తకులకు, రాజులకు మలయ్ అలాగ. మాగెల్లాన్ విల్లు ప్రకారం ఎన్రికే మలక్కా వాడు, పిగఫెత్తా ప్రకారం సుమత్రా వాడు. సెబూ నుంచి మలక్కాకు ఇంకా సుమారు 2,500 కిలోమీటర్లు ఉంది. ఆ దూరం కూడా దాటి ఇల్లు చేరితే తప్ప చుట్టు పూర్తికాదు.

అయినా ఆ క్షణం చిన్నది కాదు. పడమరగా తీసుకుపోయిన మనిషికి, పడమరగానే పోయి పోయి, పదేళ్ళ తర్వాత తూర్పున తన మాట వినబడింది. భూమి గుండ్రంగా ఉందని పండితులకు ఎప్పటినుంచో తెలుసు. దాన్ని చెవులతో విన్న మొదటి మనిషి మాత్రం ఎన్రికే అయి ఉంటాడు. పరాయి దేశపు ఎయిర్‌పోర్టులో వెనకనుంచి తెలుగు వినబడితే మనం తల తిప్పుతామే, దానితో పోల్చాలని నాకూ అనిపించింది. కానీ ఆ పోలిక న్యాయం కాదు. మనం వీసా స్టాంపు వేయించుకుని, టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళం. అతన్ని కొనుక్కుని తీసుకెళ్ళారు.

తర్వాత సెబూలో రాజు హుమబోన్, అతని మనుషులు వందల సంఖ్యలో బాప్తిస్మం తీసుకున్నారు. ప్రతి మాటా ఎన్రికే నోటిమీదుగానే నడిచింది. పక్కనున్న మక్తాన్ నాయకుడు లాపులాపు లొంగనన్నాడు. మాగెల్లాన్ సుమారు యాభై మందితో బుద్ధి చెప్పడానికి వెళ్ళాడు. అడుగున రాళ్ళుండటం వల్ల ఓడలు దగ్గరికి రాలేకపోయాయి, ఫిరంగులు అందలేదు. కవచం లేని కాళ్ళ మీద గురిపెట్టి కొట్టారు. మాగెల్లాన్ అక్కడే పడిపోయాడు.

విల్లు

బయలుదేరే ముందు, 1519 ఆగస్టులో, మాగెల్లాన్ విల్లు రాశాడు. తాను చనిపోయిన రోజు నుంచి ఎన్రికేకి స్వేచ్ఛ, తన ఆస్తిలోంచి పదివేల మరవేదీలు ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. మక్తాన్ పోరులో ఎన్రికేకి కూడా గాయాలయ్యాయి. దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే, కొత్త నాయకుడు దువార్తే బర్బోసా వచ్చి అరిచాడు. బర్బోసా మాగెల్లాన్‌కి బావమరిది. యజమాని పోయినంత మాత్రాన నువ్వు స్వతంత్రుడివి కావు, స్పెయిన్ వెళ్ళాక మా అక్కకు బానిసగా ఉంటావు, ఒడ్డుకు పోయి పని చూడకపోతే కొరడా దెబ్బలు తప్పవన్నాడట. పిగఫెత్తా రాసిన సంగతే ఇది.

ఎన్రికే లేచి ఒడ్డుకు వెళ్ళాడు. 1521 మే 1న హుమబోన్ విందుకు పిలిచాడు. వెళ్ళిన ఇరవై నలుగురైదుగురిలో దాదాపు అందరినీ చంపేశారు, బర్బోసాతో సహా. ఎన్రికే రాజుతో చేతులు కలిపాడని పిగఫెత్తా అభిప్రాయం. పిగఫెత్తా ఆ విందుకు వెళ్ళలేదు, ముఖం మీది గాయం వాచి ఓడలోనే ఉండిపోయాడు. నావికులు అక్కడి ఆడవాళ్ళను చెరచడమే ఆ హత్యలకు కారణమని యాత్ర నుంచి తిరిగొచ్చిన మరొకడు చెప్పాడు. ఎన్రికే చెప్పే కథను రాసుకున్నవాళ్ళు లేరు. తాళ్ళతో కట్టి ఒడ్డుకు తెచ్చిన కెప్టెన్ సెర్రానోను, మిగతావాళ్ళేమయ్యారని ఓడలోంచి కేకేసి అడిగితే, దుబాసీ తప్ప అందరూ చనిపోయారన్నాడు. ఎన్రికే గురించి చరిత్రలో ఉన్న చివరి మాట అదే.

బుధవారమా, గురువారమా?

మిగిలినవాళ్ళు మనుషులు చాలక ఒక ఓడను తగలబెట్టి, నవంబర్ 8న తిదోర్ చేరి లవంగాలు నింపుకున్నారు. త్రినిదాద్ ఓడకు చిల్లుపడి ఆగిపోయింది. విక్టోరియా ఒక్కటే పోర్చుగీసు వాళ్ళ కంటపడకుండా హిందూ మహాసముద్రం దాటింది.

1522 జూలై 9న కేప్ వెర్డే దీవుల్లో ఆహారం కోసం ఆగినప్పుడు, ఇవాళ గురువారం అని ఒడ్డున చెప్పారు. ఓడ లెక్కలో బుధవారం. పిగఫెత్తా ఒక్కరోజు కూడా వదలకుండా డైరీ రాశాడు. మరి తప్పెక్కడ? తప్పు లేదు. పడమరగా వెళ్ళేవాడికి సూర్యుడు కొంచెం ఆలస్యంగా అస్తమిస్తాడు, 15 డిగ్రీలకు ఒక గంట చొప్పున. మొత్తం చుట్టు తిరిగితే 24 గంటలు. సుమారు 1,080 రోజుల ప్రయాణానికి పంచితే రోజుకు నిమిషం ఇరవై సెకన్లు. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఇలాంటి బగ్ పరిచయమే. రోజూ కనబడదు, ఏడాది చివర లెక్క తేలదు. సిరియా భూగోళవేత్త అబుల్ ఫిదా 14వ శతాబ్దంలోనే ఇది కాగితం మీద తేల్చాడు. సొంత డైరీలో చూసుకున్నది మాత్రం వీళ్ళే.

ఇంకో విచిత్రం. స్పెయిన్ వాళ్ళు అమెరికా మీదుగా వచ్చి ఏలిన కారణంగా ఫిలిప్పీన్స్ శతాబ్దాల పాటు పొరుగు దేశాలకంటే ఒకరోజు వెనక నడిచింది. చివరికి 1844 డిసెంబర్ 31ని క్యాలెండర్‌లోంచి తీసేసి సరిచేసుకున్నారు.

లెక్కలో మనుషులు

ఎల్కానోకు రాజు ఒక రాజముద్ర ఇచ్చాడు. దాని మీద భూగోళం, నన్ను మొదట చుట్టినవాడివి నువ్వే అని అర్థం వచ్చే లాటిన్ మాట. 18 మంది పేర్లూ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. అదే ఓడలో తిదోర్‌లో ఎక్కిన దీవులవాళ్ళు పదమూడు మందిలో కొందరు కూడా స్పెయిన్ చేరారు. 18 అన్న లెక్కలో వాళ్ళు లేరు. 1529లో స్పెయిన్ రాజు ఆ దీవుల మీద హక్కును మూడున్నర లక్షల డుకాట్లకు పోర్చుగల్‌కి రాసిచ్చాడు. అందులోనూ ఆ దీవులవాళ్ళను అడిగినవాళ్ళు లేరు.

ఇప్పుడు మక్తాన్‌లో మాగెల్లాన్ స్మారక స్తంభం, లాపులాపు విగ్రహం దగ్గర దగ్గరగానే ఉన్నాయి. 2021లో అయిదు వందల ఏళ్ళు నిండినప్పుడు ఫిలిప్పీన్స్ ప్రభుత్వం దాన్ని మక్తాన్ విజయంగా జరుపుకుంది. ఎన్రికేను 1950లలోనే ఒక మలయ్ నవలకు నాయకుణ్ణి చేశారు.

అతను నిజంగా వదిలి వెళ్ళినది ఒకటుంది. పిగఫెత్తా తన పుస్తకంలో నాలుగు వందలకు పైగా మలయ్ మాటలు పట్టికగా రాసుకున్నాడు. యూరప్ వాళ్ళు తయారుచేసిన మలయ్ నిఘంటువుల్లో ఇది చాలా పాతది. అందులో ఎక్కువ భాగం ఎన్రికే దగ్గర నేర్చుకున్నవేనని పండితులు అనుకుంటారు. అంకెలు, శరీర భాగాలు, తినే వస్తువులు, లవంగం పేరు కూడా ఉంది. సొంత పేరు పోయిన మనిషి చెప్పిన మాటలు అవి. మలేషియాలో, ఇండొనేషియాలో ఉన్న మన తెలుగువాళ్ళు బజారుకు వెళ్ళినప్పుడు వాటిలో చాలా వాటిని ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.