బండి ఎంతిస్తది?

హనుమకొండలో కారు కొన్నా, మోటారు సైకిలు కొన్నా, ధర కంటే ముందు అడిగేది ఒకటే: "ఎంతిస్తది?" దీనికి జవాబు చెప్పేవాళ్లు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చారు. ఒకప్పుడు డిపో గుమాస్తా చెప్పేవాడు, తర్వాత మెకానిక్. ఇప్పుడు స్టీరింగ్ వెనక వెలిగే చిన్న తెర చెబుతోంది, అదీ దశాంశంతో సహా. ఆర్టీసీలో డీజిల్ లెక్కలు రాసి రిటైరైనవాణ్ని నేను. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది.

మన దగ్గర ప్రభుత్వ బస్సు పుట్టింది రైల్వే ఇంట్లో. నిజాం రాష్ట్ర రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. ఇంజను ఎన్ని మైళ్లు నడిచింది, ఎంత బొగ్గు తిన్నది అని రాసుకోవడం ఏ రైల్వేకైనా పాత అలవాటే. 1951లో ఈ శాఖ రైల్వే నుంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. అప్పటికింకా గాలన్లు, మైళ్లు పూర్తిగా పోలేదు. గాలన్ అంటే 4.546 లీటర్లు, మైలు అంటే 1.609 కిలోమీటర్లు. గాలన్‌కు 15 మైళ్లిచ్చే బండి ఇప్పటి లెక్కలో లీటరుకు 5.3 ఇచ్చినట్టు.

డిపోలో మా పద్ధతి ఇదీ. బస్సు డ్యూటీ ముగించుకుని లోపలికి రాగానే డిపో బంకు దగ్గర ట్యాంకు నిండా డీజిల్ పట్టేవాళ్లు. పట్టిన లీటర్లే అది తాగిన లీటర్లు. మరి కిలోమీటర్లు? మీటరు చూసి రాసేవాళ్లమనుకుంటారు చాలామంది. పాత బస్సుల్లో మీటరు సరిగ్గా తిరిగేది ఎన్నింటికి! ములుగుకెంత, నర్సంపేటకెంత, జనగామకెంత అన్నది ముందే కొలిచి కాగితం మీద ఉండేది. ఆ దూరాన్ని ట్రిప్పులతో గుణించి లీటర్లతో భాగిస్తే వచ్చేదే కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నది. ఆ అంకె బస్సు నంబరు కింద ఒకసారి, డ్రైవరు పేరు కింద ఒకసారి ఎక్కేది.

"సారూ, పోయిన నెల నాకు తక్కువేసిండ్రు. బండే పొగ కక్కుతాంది, నేనేం జెయ్యాలె?" అని వచ్చేవాళ్లు. వాళ్లనేదాంట్లో న్యాయం లేకపోలేదు. అందుకే రెండు పట్టికలు. ఎవరి చేతికిచ్చినా తక్కువే ఇచ్చే బస్సయితే దాని ఇంజెక్టర్లు విప్పాలి. ఏ బస్సెక్కినా తక్కువే తెచ్చే మనిషయితే అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. దూరం కొలిచినవాడు ఒకడు, డీజిల్ పోసినవాడు ఒకడు, భాగహారం చేసినవాడు ఇంకొకడు. అంకె ఎవరి మీదికి వస్తుందో ఆ మనిషి చేతిలో ఈ మూడింటిలో ఏదీ లేదు. ఆ లెక్క బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి మోసే లారీల ఓనర్లదీ దాదాపు ఇదే తెలివి. ఫలానా ఊరికి పోయి రావడానికి ఇన్ని లీటర్లు అని ముందే కట్టేవాళ్లు. మీటరు ఏం చెప్పిందో వాళ్లకు అనవసరం.

సొంత బండ్లు పెరిగాక లెక్క మెకానిక్ షాపుకు చేరింది. చేతక్ స్కూటరుకు పెట్రోలు ముల్లే లేదు, పక్కకు వంచి చప్పుడు వినడం, ఆగిపోతే రిజర్వుకు తిప్పడం. మైలేజీ తేల్చాలంటే మెకానిక్ ఒక సీసాలో 100 మిల్లీలీటర్లు పోసి, దాని గొట్టం తిన్నగా కార్బురేటరుకు తగిలించి, బండి ఆగేదాకా నడిపేవాడు. వచ్చిన దూరాన్ని పదితో గుణిస్తే లీటరు లెక్క. తక్కువొస్తే స్క్రూ తిప్పి పెట్రోలు బిగించేవాడు. మైలేజీ పెరిగేది, ఇంజను కాలేది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి లీటరుకు 80 కిలోమీటర్లంది. నింపు, మూతపెట్టు, మరచిపో అన్న అర్థంలో దాని ప్రకటన ఉండేది. జనం మూతపెట్టారు గానీ మరచిపోలేదు. ఎనభై వచ్చిందా లేదా అని ఆఫీసుల్లో టీ బల్లల దగ్గర తెగ వాదించుకున్నారు.

తెర మీద అంకె పడాలంటే పెట్రోలు కార్బురేటరు నుంచి కంప్యూటరు చేతికి రావాలి. అమెరికాలో కాడిలాక్ సెవిల్ కారులో 1978లోనే ట్రిప్ కంప్యూటర్ పెట్టారు. మన దేశంలో 1998లో శాంత్రో, మాటిజ్ లాంటి కార్లు వచ్చాక, ఆ వెంటనే కాలుష్య నిబంధనలు బిగిశాక, కార్బురేటరు పోయి ఇంజెక్షన్ మామూలైంది. ఇంజెక్టరు ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుచుకుంటుంది. ఎంతసేపు తెరవాలో ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరే. తెరిచిన సమయాన్ని, పెట్రోలు పీడనాన్ని బట్టి ఎంత కారాలో ఆ అంకెతో గుణించి కూడుకుంటూ పోతుంది. దూరం చక్రాల నుంచి వస్తుంది. అంటే తెర పెట్రోలును కొలవదు, కారి ఉండాల్సిన పెట్రోలును లెక్కగడుతుంది. ఇంజెక్టరు కొంచెం ఎక్కువ కార్చే రకమైనా, పాతబడి తీరు మారినా, పీడనం తేడా వచ్చినా తెరకు ఆ సంగతి పూర్తిగా తెలియదు. కొన్ని జర్మన్ కార్లలో ఈ లెక్కకు ఒక దిద్దుబాటు అంకె కూడా ఉంటుంది. సర్వీసు పరికరం పెట్టి దాన్ని మార్చవచ్చు. నిజమైన కొలతకు ఆ అంకెతో పనేముంటుంది?

మా అబ్బాయి కారు తీసుకుని హైదరాబాద్ పోయి వచ్చాం. మధ్యలో పనులు కలిపి 412 కిలోమీటర్లు. తెర 19.1 అంది. తిరిగొచ్చి ట్యాంకు నింపితే 23.1 లీటర్లు పట్టింది, అంటే 17.8. "నాయినా, కంప్యూటర్ కన్న నీ కాగితమే నిజమా?" అన్నాడు వాడు. తెర మాట నిజమైతే బండి 21.6 లీటర్లే తాగాలి. మిగిలిన లీటరున్నర ఎటుపోయింది?

అనుమానించాల్సినవి మూడు. మొదటిది నింపడం. పంపు తనంతట తాను కట్ అయ్యే చోటు ప్రతిసారీ ఒకటి కాదు. అరలీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. అందుకే ఒక్క ట్యాంకు లెక్క పట్టుకుని ఎవరితోనూ పోట్లాడకూడదు. కానీ ఈ తేడా ఓసారి ఇటు, ఓసారి అటు ఊగాలి. మాకు బంకులు మార్చినా తెర ఎప్పుడూ ఎక్కువ వైపే నిలిచింది. రెండోది బంకు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను చట్టం ఒప్పుకుంటుంది. ఆ లెక్కన 23 లీటర్లకు 115 మిల్లీలీటర్లే. అన్ని బంకులూ కూడబలుక్కుని మా ఒక్క కారునే మోసం చేయవు కదా. ఇక మిగిలింది తెర. తెల్లవారుజామున కొట్టిస్తే పెట్రోలు చిక్కగా, ఎక్కువగా వస్తుందన్న నమ్మకం కూడా ఉంది. వరంగల్ ఎండ రోడ్డు మీద ఎంత మండినా భూమిలోని ట్యాంకు పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్దగా వేడెక్కదు. నిద్ర చెడగొట్టుకోవద్దు.

కాగితం లెక్కకూ ఒక లోపం ఉంది, అది ఒప్పుకోవాలి. కిలోమీటర్లు తెరకూ కాగితానికీ ఒక్క మీటరు నుంచే వస్తాయి. కొత్త టైరు గాడి సుమారు 8 మిల్లీమీటర్లు, చట్టం ఒప్పుకునే అరుగుదల 1.6 దాకా. చక్రం వ్యాసార్థం 300 మిల్లీమీటర్లనుకుంటే, అరిగిన టైరు మీద మీటరు రెండు శాతం దూరం ఎక్కువ చూపుతుంది. రూటు కాగితం పట్టుకున్న మా డిపోకు ఈ బాధ లేదు. మీరు జనగామ రోడ్డు మీద కిలోమీటరు రాళ్లతో సరిచూసుకోవచ్చు.

కంపెనీ కాగితం మీద ఉండే అంకె ఇంకో జాతి. దాన్ని రోడ్డు మీద తేల్చరు. ప్రయోగశాలలో రోలర్ల మీద 1,180 సెకన్లు నడుపుతారు, వేగం 90 దాటదు, ఏసీ వేయరు. పెట్రోలును కూడా ట్యాంకులో చూడరు, పొగలో బయటికొచ్చిన కార్బన్‌ను బట్టి వెనక్కి లెక్కిస్తారు. మే నెలలో ఏసీ వేసుకుని కాజీపేట వంతెన మీద ట్రాఫిక్‌లో నిలబడ్డవాడికి ఆ అంకె ఎందుకు రాదో వేరే చెప్పక్కర్లేదు. తమ కార్ల ఇంధన పరీక్ష లెక్కలు తారుమారు చేశామని 2016లో జపాన్‌లో మిత్సుబిషి స్వయంగా ఒప్పుకుంది. యూరప్ వాళ్లు ఇక నమ్మకం మీద వదలదలచుకోలేదు. 2021 నుంచి కొత్త పెట్రోలు, డీజిల్ కార్లన్నీ తాగిన ఇంధనాన్ని తమ లోపలే నమోదు చేయాలి, ఆ లెక్క 5 శాతానికి మించి తప్పకూడదు.

ఇప్పుడు ఇథనాల్ గొడవ ఒకటి. 10 శాతం మిశ్రమానికి సరిచేసిన పాత కార్లలో 20 శాతం పోస్తే మైలేజీ 6–7 శాతం తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. ఇథనాల్‌లో శక్తి తక్కువ, ఇంజెక్టరు ఎక్కువసేపు తెరుచుకోవాలి. ఆ తగ్గుదల తెర మీద కూడా కనిపిస్తుంది. తెరను పూర్తిగా తీసిపారేయనిది ఇందుకే. దాని తప్పు చాలావరకు ఒకే వైపు, దాదాపు ఒకే కొలతలో ఉంటుంది. నిన్నటి నడకకూ ఇవాళ్టి నడకకూ తేడా చెప్పడానికి అది చాలు. పక్కింటి కారుతో పోల్చడానికి, కంపెనీతో వాదించడానికి, నెల ఖర్చు కట్టడానికి మాత్రం పనికిరాదు.

కాబట్టి ట్యాంకు నింపిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. నాలుగైదు ట్యాంకులు అయ్యాక మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో భాగించండి. బంకు మీద అనుమానం వస్తే ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించి, మీ కళ్ల ముందే పట్టించండి. అది అడగడం మీ హక్కు. తేడా 25 మిల్లీలీటర్లు దాటితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయండి.