సావాయ్ బాల్‌రూమ్: స్వింగ్ నృత్యశాలలో మర్యాద, జనసమూహ ప్రవర్తన (1926-1958)

వ్యాససంగ్రహం:
న్యూయార్క్ నగరంలోని హార్లెంలో 1926 నుంచి 1958 వరకు నడిచిన సావాయ్ బాల్‌రూమ్‌లో స్వింగ్ నృత్యకారులు పాటించిన అలిఖిత నియమాలను, ఆ జనసమూహాన్ని బయటివారు అర్థం చేసుకున్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ నియమాలు నాగరికతను చాటుకోవడానికి ఏర్పడినవి కావనీ, జాతివివక్ష రాజ్యమేలుతున్న కాలంలో అందరికీ తెరిచి ఉన్న ఒక చోటును నిలుపుకోవడానికి ఏర్పడినవనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సావాయ్ బాల్‌రూమ్, హార్లెం, లిండీ హాప్, స్వింగ్, నృత్యమర్యాద, జనసమూహం, జాతివివక్ష.

1. ఉపోద్ఘాతం

నృత్యచరిత్రకారులు సాధారణంగా అడుగులను, వాద్యాలను, ప్రసిద్ధ కళాకారుల జీవితాలను నమోదు చేస్తారు. ఆ నృత్యం జరిగిన చోట గుమిగూడిన జనం ఎలా మసలుకున్నారు, ఎవరు ఎవరికి దారి ఇచ్చారు, హద్దు మీరినవారిని ఎవరు దండించారు అన్న ప్రశ్నలకు అంతగా చోటు దొరకదు. తెలుగులో ‘సభామర్యాద’ అనగానే వేదిక మీద కళాకారుడు, ఎదురుగా కూర్చున్న ప్రేక్షకుడు అనే ఏర్పాటు మనసులో మెదులుతుంది. సామాజిక జంటనృత్యంలో ఆ ఏర్పాటే లేదు. చూస్తున్నవాడు మరుక్షణంలో ఆడేవాడవుతాడు; ఆడి అలసినవాడు పక్కకు తొలగి చూసేవాడవుతాడు. సభ సభంతా లేచి ఆడుతున్నప్పుడు మర్యాదను కాపాడేది ఎవరన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

1920ల చివర హార్లెంలోని నల్లజాతి యువత లిండీ హాప్ అనే జంటనృత్యాన్ని రూపొందించింది. జంట చేతులు పట్టుకొని తిరుగుతూ, నడుమ విడివడి ఎవరి ప్రతిభను వారు చూపి, తిరిగి కలుసుకోవడం దాని ప్రధాన లక్షణం. 1930లలో పెద్ద బ్యాండ్లు వాయించిన స్వింగ్ అనే జాజ్ రీతితో పాటు అది పెరిగింది. ఈ రెండింటికీ పుట్టిల్లు వంటిది సావాయ్. ఆ శాల గురించి మనకు దొరికే ముఖ్యాధారాలు మార్షల్, జీన్ స్టెర్న్స్ దంపతులు 1968లో ప్రచురించిన ‘జాజ్ డాన్స్’, నృత్యకారులు నార్మా మిల్లర్ (1996), ఫ్రాంకీ మ్యానింగ్ (2007) వెలువరించిన ఆత్మకథలు. ఇవన్నీ ఆ రోజులు గడిచిన దశాబ్దాల తరువాత వచ్చినవి. యౌవనాన్ని తలచుకొనేవారి మాటల్లో తీపి కొంత ఎక్కువే ఉంటుంది కనుక వాటిని ఆ మెలకువతోనే చదవాలి. అయినా, ఒకరితో ఒకరు పోటీపడిన కళాకారులు కూడా నియమాల విషయంలో దాదాపు ఒకే మాట చెప్పడం గమనింపదగినది.

2. మర్యాద గ్రంథాలు వద్దన్నవి

సావాయ్ తెరిచేనాటికే అమెరికాలో నృత్యమర్యాద గురించి అచ్చయిన సాహిత్యం పుష్కలంగా ఉంది. వెర్నన్, ఐరీన్ క్యాజిల్ దంపతులు 1914లో ‘మోడర్న్ డాన్సింగ్’ అనే పుస్తకం వెలువరించారు. భుజాలు కుదపరాదు, తుంటి ఊపరాదు, గెంతరాదు, నడకలా జారుతూ సాగాలి అన్నది దాని సారం. ఈ నిషేధాల పట్టికను శ్రద్ధగా చూస్తే, వాటిలో పెక్కు ఆఫ్రికన్ అమెరికన్ నృత్యాల సహజ లక్షణాలేనని తెలుస్తుంది. అంటే మర్యాద పేరిట జరిగినది ఒక సంస్కృతి ఆనవాళ్లను తుడిచి, మిగిలినదాన్ని మధ్యతరగతి తెల్లవారి ఇళ్లకు చేర్చడం. విడ్డూరమేమిటంటే, ఆ దంపతుల నృత్యాలకు సంగీతం సమకూర్చిన బృందానికి నాయకుడు జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి సంగీతకారుడు. లయ కావాలి, ఆ లయకు కదిలే శరీరం మాత్రం వద్దు.

1922లో ఎమిలీ పోస్ట్ రాసిన మర్యాద గ్రంథం కూడా బాల్ నృత్యాలను చర్చించింది. ఆడుతున్న జంట వద్దకు మరొక పురుషుడు వచ్చి స్త్రీని తనతో ఆడమని కోరే ‘కట్ ఇన్’ పద్ధతికి ఆ కాలపు సంపన్నవర్గాలలో పెద్ద ప్రాధాన్యం ఉండేది. ఎవరు ఎవరికి పరిచయమై ఉండాలి, ఏ కుటుంబపు యువతి ఎవరితో ఎన్నిసార్లు ఆడవచ్చు అన్న లెక్కలతో కూడిన ఆ లోకం వివాహసంబంధాల సంతకు దగ్గరగా ఉంటుంది. సావాయ్ మర్యాదను ఈ నేపథ్యంలో పెట్టి చూడకపోతే, అక్కడివారికి మర్యాదే లేదనుకొనే ప్రమాదం ఉంది. నాటి పరిశీలకులలో పలువురు అలాగే అనుకున్నారు.

3. శాల, దాని వారాలు

1926 మార్చి 12న లెనాక్స్ అవెన్యూలో, 140, 141 వీధుల నడుమ సావాయ్ ప్రారంభమైంది. యజమాని మో గేల్ యూదుడు. నిర్వాహకుడు చార్లెస్ బుకానన్ నల్లజాతీయుడు. మెట్లెక్కి వెళ్తే రెండో అంతస్తులో సుమారు 10 వేల చదరపు అడుగుల చెక్క నేల. అడుగు వేస్తే కొద్దిగా ఎగిరేటట్లు దాన్ని అమర్చారు. పాదాల రాపిడికి అరిగిపోవడంతో మూడేళ్లకోసారి దాన్ని మార్చవలసి వచ్చేదని చెబుతారు. పక్కపక్కన రెండు బ్యాండు వేదికలు ఉండేవి. ఒక బ్యాండు ఆపగానే రెండోది అందుకొనేది కనుక సంగీతానికి విరామం లేదు. జనసమూహ ప్రవర్తన దృష్ట్యా ఈ ఏర్పాటు చిన్న విషయం కాదు. విరామం ఉన్నచోట జనం ఒక్కుమ్మడిగా కదులుతారు, తోసుకుంటారు, తగవులాడుకుంటారు. ఇక్కడ రాకపోకలు నీటిప్రవాహంలా నిరంతరం సాగేవి.

కొద్ది దూరంలో 142వ వీధి వద్దే కాటన్ క్లబ్ ఉండేది. అక్కడ ఆడేవారు, పాడేవారు నల్లవారు. కూర్చొని చూసేవారు తెల్లవారు. హార్లెం నడిబొడ్డున ఉన్నా హార్లెం వాసులకు అక్కడ ప్రేక్షకులుగా ప్రవేశం లేదు. సావాయ్‌లో టికెట్టు కొన్న ప్రతి ఒక్కరూ, ఏ జాతివారైనా, ఒకే నేల మీద అడుగుపెట్టవచ్చు. నాటి అమెరికాలో ఇది ఎంత అరుదో వేరుగా చెప్పనక్కరలేదు.

వారంలో ప్రతి రాత్రికీ ఒక స్వభావం ఉండేది. గురువారం తెల్లవారి ఇళ్లలో వంట, ఇంటిపని చేసే నల్లజాతి స్త్రీలకు సెలవు రోజు. ఆ రాత్రికి ‘కిచెన్ మెకానిక్స్’ రాత్రి అని పేరు. ఆ పేరులో వెటకారం ఉన్నా, వారమంతా ఇంకొకరి వంటింట్లో తలవంచుకొని తిరిగిన స్త్రీకి ఆ రాత్రి దక్కే స్థానాన్ని ఊహించుకోవచ్చు. మంగళవారం ఆరితేరిన నృత్యకారులది. జనం పలుచగా ఉండటంతో సాధనకు చోటు దొరికేది. శనివారం ఊరి దక్షిణభాగం నుంచి వచ్చే సందర్శకులతో శాల కిక్కిరిసేది. సరైన స్థలం దొరకని ఆ రోజును మంచి నృత్యకారులు ఇష్టపడేవారు కారు.

హాలీవుడ్ నటుడు క్లార్క్ గేబుల్ ఒకనాటి రాత్రి సావాయ్‌కి వచ్చాడని ఎవరో చెబితే, పక్కనున్నవాడు అతనికి నృత్యం వచ్చునా అని మాత్రమే అడిగాడని మ్యానింగ్ పలుమార్లు చెప్పుకున్నాడు. అక్కడ మనిషి ముఖం వైపు కాదు, పాదాల వైపు చూసేవారన్నది అతని భావం. ఇందులో కొంత పురాణకల్పన ఉండవచ్చు. కానీ ఒక సమాజం తన గురించి ఏ కథను పదేపదే చెప్పుకుంటుందో అదీ చరిత్రకు ఆధారమే.

4. మూల, వలయం, దండన

సమానత్వం అంటే అక్కడ హెచ్చుతగ్గులు లేవని కాదు. బ్యాండు వేదిక పక్కనున్న ఒక మూలను ‘క్యాట్స్ కార్నర్’ అనేవారు. జాజ్ వాడుకలో ‘క్యాట్’ అంటే విద్యలో ఆరితేరినవాడు. ఆ మూలలో కూర్చోవడానికైనా, ఆడటానికైనా మేటి నృత్యకారులకే హక్కు. బోర్డు లేదు, తాడు కట్టలేదు. అయినా కొత్తవాడు అక్కడికి పోయేవాడు కాదు. పోతే జరిగేది ఏమిటో లియాన్ జేమ్స్ వంటి పాత నృత్యకారులు స్టెర్న్స్ దంపతులకు చెప్పారు. మరొకరి ప్రత్యేకమైన అడుగును తనదిగా చూపబోయినవాణ్ని, గుంపు నడుమ ఆడుతున్నట్టే ఆడుతూ మిగిలినవారు కాళ్లతో కుమ్మేవారట. ఈ మోటు దండన వెనుక స్పష్టమైన ఆస్తిభావన ఉంది. అడుగుకు కాపీహక్కు ఇచ్చే న్యాయస్థానం ఏదీ లేనివారు, తమ సృష్టిని తామే కాపాడుకున్న పద్ధతి అది. చూసి నేర్చుకోవచ్చు, కొంత మార్చి వాడవచ్చు, యథాతథంగా దొంగిలించరాదు.

వలయం మరొక ఏర్పాటు. ఏదైనా జంట అద్భుతంగా ఆడుతుంటే చుట్టూ ఉన్నవారు ఆగి, వెనక్కు జరిగి, గుండ్రంగా నిలబడేవారు. ఒక జంట ముగించాక మరొకటి లోపలికి వచ్చేది. 1935 ప్రాంతంలో మ్యానింగ్, అతని జోడీ ఫ్రీడా వాషింగ్టన్ కలిసి ఒక పోటీలో తొలిసారి చూపిన గాలి అడుగు, అనగా జోడీని వీపు మీదుగా తిప్పి నేలకు దింపే విన్యాసం, ఇలాంటి ఖాళీ చోటులోనే సాధ్యం. మామూలు రద్దీలో అటువంటివి చేయరాదన్నది అందరికీ తెలిసినదే. అపాయకరమైన కళకు జనమే తమంతట తాము కంచెగా నిలవడం ఈ నృత్యసంస్కృతిలోని అత్యంత సున్నితమైన మర్యాదగా నాకు తోస్తుంది. చప్పట్ల హెచ్చుతగ్గులతో తీర్పు చెప్పేదీ ఆ కంచే.

ఇక అధికారికంగా క్రమాన్ని చూసేవారు టక్సీడో సూట్లు ధరించిన బౌన్సర్లు. వారిలో మాజీ బాక్సర్లుండేవారు. తలలో తెల్లని పాయ కారణంగా ‘వైటీ’ అని పేరుబడ్డ హెర్బర్ట్ వైట్ కూడా బౌన్సర్‌గానే అక్కడ ప్రవేశించి, తరువాత వైటీస్ లిండీ హాపర్స్ అనే బృందాన్ని నడిపాడు. 1941 నాటి ‘హెల్జాపాపిన్’ చలనచిత్రంలో కనిపించేది ఆ బృందమే. క్రమాన్ని కాపాడే వ్యక్తే కళాకారులను ఏరి తీర్చిదిద్దేవాడు కావడం, వారి సంపాదనపై పెత్తనం చేసేవాడూ కావడం సావాయ్ చరిత్రలో మరచిపోరాని పార్శ్వం. ఆ నేలను స్వర్గంగా మాత్రమే చిత్రించే రచనలు దీన్ని దాటవేస్తాయి.

5. రెండు జనసమూహాలు

1937 మార్చి 3న న్యూయార్క్ పారమౌంట్ థియేటర్‌లో బెనీ గుడ్‌మన్ బ్యాండు వాయిస్తుండగా, యువ ప్రేక్షకులు కుర్చీలు వదిలి నడవలలో ఆడసాగారు. 1938 మే 29న రాండల్స్ ఐలండ్ మైదానంలో జరిగిన స్వింగ్ ఉత్సవానికి 20 వేలకు పైగా జనం వచ్చారు. వాద్యకారుల మీదికి పోటెత్తకుండా వారిని ఆపడం కష్టమైంది. ఇటువంటి దృశ్యాలను చూసి యువత ఉన్మాదంలో పడిందని వాపోయినవారు తక్కువ కాదు.

ఈ రెంటి నడుమ, 1937 మే 11న అదే గుడ్‌మన్ తన బ్యాండుతో సావాయ్‌కి వచ్చి అక్కడి ఆస్థాన బ్యాండు నాయకుడు ఛిక్ వెబ్‌తో పోటీపడ్డాడు. లోపల సుమారు 4 వేలమంది; బయట చోటు దొరకనివారు వేలల్లో ఉండగా పోలీసులను దింపవలసి వచ్చింది. లోపల మాత్రం జనం విన్నారు, ఆడారు, కేకలతో తీర్పు చెప్పారు, గెలుపు వెబ్‌దేనన్నారు. గుడ్‌మన్ డ్రమ్మర్ జీన్ క్రూపా వెబ్‌కు తలవంచి వందనం చేశాడని ఆనాటివారు చెప్పుకున్నారు. సంగీతం ఒకటే, బ్యాండు ఒకటే. కుర్చీలు బిగించిన హాలులో ఆడటమే ఉల్లంఘన. ఆడటానికే వేసిన నేల మీద అదే సభామర్యాద. కనుక ‘అదుపు తప్పిన జనం’ అన్న మాటకు ముందు, ఆ జనానికి ఇచ్చిన స్థలం ఎటువంటిదని అడగాలి.

6. 1943: మూత

ఆ ప్రశ్న అడగని అధికారులు 1943 ఏప్రిల్‌లో సావాయ్‌ను మూయించారు. అక్కడ పరిచయమైన స్త్రీల వల్ల సైనికులకు సుఖవ్యాధులు సోకాయన్నది ఆరోపణ. యుద్ధకాలంలో అటువంటి ఆరోపణకు ఎదురు చెప్పడం కష్టం. కానీ నగరంలో తెల్లవారు నడిపే పెద్ద నృత్యశాలలకు, హోటళ్లకు ఇటువంటి శిక్ష పడలేదు. నల్లవారు, తెల్లవారు కలిసి ఆడటాన్ని ఆపడమే అసలు ఉద్దేశమని హార్లెం బలంగా నమ్మింది. నిరసన నగర మేయర్ లగార్డియా వరకు పోయింది. ఆగస్టు 1న ఒక నల్లజాతి సైనికుణ్ని తెల్లజాతి పోలీసు కాల్చడంతో హార్లెం భగ్గుమంది. సావాయ్ మూతే ఆ అల్లర్లకు కారణమనడం అతిశయోక్తి అవుతుంది. అయితే పేరుకుపోయిన అవమానాల జాబితాలో అదొకటి. అక్టోబరులో శాల తిరిగి తెరుచుకుంది.

పదిహేడేళ్లుగా వేలమంది నడుమ చేయి జారకుండా నడిచిన క్రమం ఏదీ పోలీసు దస్త్రాలకు ఎక్కలేదు. ఎక్కినది ఆరోపణ ఒక్కటే. దస్త్రాల ఆధారంగా జనసమూహ చరిత్ర రాసేవారికి ఇది గట్టి హెచ్చరిక.

1944లో నృత్యం జరిగే వినోదస్థలాలపై వేసిన ఫెడరల్ పన్ను, మారిన సంగీతాభిరుచి కలిసి స్వింగ్ నృత్యాన్ని క్షీణింపజేశాయి. 1958లో సావాయ్ శాశ్వతంగా మూతపడింది. ఆ చోట నివాసభవనాలు లేచాయి.

7. పునరుద్ధరణ, రాతకెక్కిన నియమాలు

స్వీడన్‌లోని హెర్రాంగ్ గ్రామంలో 1982లో మొదలైన నృత్యశిబిరం, 1986లో కాలిఫోర్నియా నృత్యకారులు తపాలాశాఖ ఉద్యోగిగా ఉన్న మ్యానింగ్‌ను వెతికి పట్టుకోవడం కొత్త దశకు నాంది. తరువాతి రెండు దశాబ్దాలూ అతడు దేశదేశాల్లో బోధించాడు. నృత్యానికి ముందు జోడీకి వంగి వందనం చేయమని, పాట ఉన్నంతసేపూ ఆమెను రాణిగా భావించమని చెప్పేవాడు. పాత కాలపు దుస్తులు, పాత బ్యాండ్ల పాటలు, వలయం, రద్దీలో గాలి అడుగులు వేయరాదన్న కట్టుబాటు ఈ కొత్త వేడుకల్లోనూ కొనసాగాయి. క్యాట్స్ కార్నర్ మాత్రం రాలేదు. నేర్చుకొనేవారి రుసుములతో నడిచే వేడుకలో కొత్తవాణ్ని మూల నుంచి తరమడం కుదరదు. పిలిచినవారెవరినీ కాదనరాదన్న సున్నితమైన ఆనవాయితీ దాని స్థానంలో వ్యాపించింది.

ఆ ఆనవాయితీ వినడానికి ఇంపుగా ఉన్నా, కాదనలేనివారికి అది ఉచ్చు కాగలదు. 2015లో ఒక ప్రఖ్యాత శిక్షకునిపై లైంగిక వేధింపుల ఆరోపణలు బహిరంగమయ్యాక, వేడుకల నిర్వాహకులు అనేకులు ప్రవర్తనా నియమావళులను రాసి, ఫిర్యాదు వినే బాధ్యులను నియమించారు. కారణం చెప్పకుండా కాదనే హక్కు, అడగనిదే పాఠం చెప్పరాదన్న నిబంధన, స్త్రీపురుషులలో ఎవరు ఎవరినైనా నృత్యానికి పిలవవచ్చునన్న అంగీకారం వాటిలో తరచుగా కనిపిస్తాయి. హార్లెం బౌన్సరు చూపుతో చేసిన పనిని ఇప్పుడు కాగితం చేయవలసి వచ్చింది. ఆ కాగితాల మీద ఇటీవల మరొక అంశమూ చేరుతున్నది: ఈ నృత్యాన్ని సృష్టించిన నల్లజాతివారు నేటి వేడుకల్లో ఎందుకింత తక్కువగా కనిపిస్తున్నారు, బోధనకూ తీర్పుకూ పిలుపు అందుకొనేవారిలో వారి పాలు ఎంత అన్న ప్రశ్న.