వాళ్ళ నాన్నా అంతే

"ముందా ట్యూబ్‌లైటు ఆపుతారా?" అంటున్నాడు మా ఆయన. "గుయ్యిమంటోంది."

నాకేం వినబడటం లేదు. మా అత్తయ్యకీ వినబడటం లేదు. బల్లకు అవతలున్న సైకాలజిస్టు మాత్రం మారుమాట లేకుండా లేచి, స్విచ్చి నొక్కి, కిటికీ తెర పక్కకు లాగి వచ్చి కూర్చుంది. ఫైల్లో ఓ ముక్క రాసుకుంది కూడా. పరీక్ష మొదలైపోయిందన్నమాట.

సికింద్రాబాదులో ఓ మేడ మీది గది ఇది. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది, మీరూ కూర్చోండి. అసలది మామయ్యగారికని వేసిన కుర్చీ. "కొత్తవాళ్ళ ముందు నేనేం మాట్లాడతాను" అని ఆయన వరండాలోనే ఆగిపోయారు.

గోడల నిండా ఏనుగులు, అక్షరమాల. పిల్లల కోసం వచ్చే చోటు. నలభై దాటిన మనిషి తన కోసం తాను రావడం ఇక్కడ తక్కువే. పోయినేడాది మా బాబుకి ఆటిజం అని తేలింది. వాడి ఫారాలు నింపుతూ నింపుతూ మా ఆయన పెన్ను కింద పెట్టి, "ఇవన్నీ నాకూ ఉన్నాయి కదా. ఇందులో రాయడానికేముంది?" అన్నాడు. ఆ మాటే ఇక్కడిదాకా తీసుకొచ్చింది. పెద్దయ్యాక ఆటిజం తేలినవాళ్ళలో చాలామంది ఇలా బిడ్డల వెనక వచ్చినవాళ్ళే.

సైకాలజిస్టు ఇప్పుడు అత్తయ్య వైపు తిరిగింది. అసలు పట్టు ఈ భాగంలోనే ఉంది. ఆటిజం నలభయ్యో ఏట మొదలయ్యేది కాదు. ఇవాళ మనిషి ఎలా ఉన్నాడో చూస్తే చాలదు, పసితనంలోనూ ఆ లక్షణాలు ఉన్నట్టు తేలాలి. 2013 నుంచి వాడుకలో ఉన్న డీఎస్ఎమ్-5 అనే రోగనిర్ధారణ గ్రంథం నియమాల్లో ఇదొకటి. పసితనం గురించి తల్లిని మించి ఎవరు చెప్పగలరు అనుకుంటాం.

"చిన్నప్పుడు ఏమైనా తేడాగా ఉండేవారా అమ్మా?"

"అబ్బే, బంగారం. ఒక్కనాడు అల్లరి చేసి ఎరగడు."

"తోటి పిల్లలతో ఆడేవారా?"

"ఎందుకాడడూ? వాళ్ళు గోలీలాడుతుంటే వీడు ఆ గోలీలన్నీ రంగుల వారీగా పేర్చిపెట్టేవాడు."

"తిండి?"

"ముద్దపప్పు, నెయ్యి. పప్పులో ఆకు కనబడితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. కూరకి పెరుగు తగలకూడదు. వాళ్ళ నాన్నా అంతే."

"చప్పుళ్ళంటే?"

"దీపావళికి బియ్యం డ్రమ్ము వెనక దూరేవాడు. వాళ్ళ నాన్నా అంతేనమ్మా. మా పెళ్ళిలో ఆయన చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. గట్టిమేళం అన్నా వినబడలేదు. పురోహితుడు మోచేత్తో పొడిస్తే గానీ మూడు ముళ్ళు పడలేదు."

అత్తయ్య చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సైకాలజిస్టు నవ్వుతూనే రాస్తోంది.

గమనించారా? అడిగినదానికల్లా ఒక లక్షణం బయటికొస్తోంది, వెంటనే దాన్ని కొట్టేసే మాటా వచ్చేస్తోంది. ఆ ఇంట్లో కొలబద్ద మామయ్యగారు. ఆయనతో పోలిస్తే కొడుకులో తేడా ఎక్కడుంటుంది? వంశంలో ఉన్నది ఇట్టే పట్టుబడుతుందనుకుంటాం గానీ, నన్నడిగితే వంశంలో ఉండబట్టే ఇన్నేళ్ళు పట్టుబడలేదు.

ఆ అమ్మాయి గడుసుది. "తేడా" అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. బళ్ళో గంట కొట్టగానే ఏం చేసేవాడు, చొక్కా మెడ దగ్గర పట్టీ ఎందుకు కత్తిరించేవారు, చుట్టాలొస్తే ఎటు పోయేవాడు... ఇలా అడుగుతూ పోయింది. అత్తయ్య ధారాళంగా చెబుతూ పోయింది.

తర్వాత ఈయన వంతు. "ఎవరింటికైనా వెళితే ఏం మాట్లాడతారు?"

మా ఆయన చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. కొంచెం ముందుకి వంగండి, కనబడుతుంది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు: "బాగున్నారా. ఆగు. ఆరోగ్యం ఎలా ఉంది. ఆగు. పిల్లల చదువు. జీతం అడగకు. ఫ్యాను వంక చూడకు. మొహం వంక చూడు, మరీ ఎక్కువసేపు కాదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఈ పేజీ నా కంటపడలేదు. పుస్తకం కొత్తదే గానీ వరస పాతది. పెళ్ళిచూపుల్లో నన్నడిగిన ప్రశ్నలు ఇదే వరసలో వచ్చాయి. ఎంత నెమ్మదస్తుడో, జవాబు పూర్తిగా వింటాడు అని మా అమ్మ మురిసిపోయింది.

దీన్నే మాస్కింగ్ అంటారని సైకాలజిస్టు చెబుతోంది. పదిమందిలో కలవడానికి పొద్దంతా ఇలా కాపలా కాసుకుంటే సాయంత్రానికి ఒంట్లో ఏమీ మిగలదట. ఆఫీసు నుంచి వచ్చి దీపం వేయకుండా గంటసేపు పడుకునే మనిషిని "మా మీద విసుగు" అనుకునేదాన్ని.

అత్తయ్య గొంతు ఇప్పుడు తగ్గింది. "అయితే నా పెంపకంలో లోపమా అమ్మా? మాది మేనరికం కూడా కాదే."

"కాదమ్మా. పెంపకం వల్ల రాదు."

ఈ జవాబు లోకానికి తెలిసిరావడానికే ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పుడే వాళ్ళ తల్లిదండ్రుల్లోనూ కొన్ని పోలికలు చూశాడు. ఆ చూపు వంశం వైపు పోకుండా తల్లుల మీదికి మళ్ళింది. ప్రేమ చూపని తల్లుల వల్లే ఇదంతా అన్నారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ ఆ వాదంతో పుస్తకమే రాశాడు. అంతకు మూడేళ్ళ ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ అది తప్పని రాసినా, ఎందరు తల్లులు ఆ నింద మోశారో. ఆ రిమ్లాండ్ కూడా ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రే. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలల్ని పరిశీలించారు. అచ్చు ఒకేలా ఉండే 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. అలా ఒకేలా ఉండని కవలల 10 జతల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. 2019లో ఐదు దేశాల్లో ఇరవై లక్షల మంది లెక్కలు తీస్తే, ఆటిజంలో కనిపించే తేడాల్లో సుమారు 80 శాతం వంశపారంపర్యమని వచ్చింది. తండ్రికి ఉంటే బిడ్డకు నూటికి ఎనభై పాళ్ళు వస్తుందని దీనర్థం కాదు. వాట్సాప్‌లో అలా తిప్పేస్తున్నారు గనక చెబుతున్నా. ఒక జన్యువుతో పోయే వ్యవహారం కాదిది, వందలు చేరతాయి.

ఇవన్నీ అత్తయ్యకు ఎవరూ చెప్పలేదు. "కాదమ్మా" ఒక్కటే చాలింది. లేచి మంచినీళ్ళు తాగింది.

బయటికి వస్తే మామయ్యగారు కుర్చీలో లేరు. గోడకి తగిలించిన, మంటలార్పే ఎర్ర సిలిండరు ముందు, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరుపుకుని నిలబడి ఉన్నారు. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు మీటర్లు చూసిన మనిషి.

"రీఫిల్ తేదీ దాటి నాలుగు నెలలైందిరా."

"ముల్లు పచ్చలోనే ఉంది నాన్నా." మా ఆయన వంగి చీటీ తిప్పి చూశాడు. "సంతకం మాత్రం లేదు."

లోపల ఏమైందని తండ్రి అడగలేదు, కొడుకు చెప్పలేదు. ఇద్దరూ కలిసి రిసెప్షన్ దగ్గరికి నడిచారు, ఫిర్యాదు రాయించడానికి. గుమ్మంలో సైకాలజిస్టు చూస్తోంది. "మామయ్యగారికి కూడానా?" అన్నాను మెల్లిగా.

"ఆయన నన్నడగలేదు కదండీ."

రిపోర్టు మరో విడతలో ఇచ్చారు: ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్, లెవల్ 1. కొంత తోడ్పాటు కావలసిన స్థాయి అని అర్థం. సర్టిఫికెట్ సంగతి వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది గానీ, సర్టిఫికెట్‌కి ఐసా అనే 40 అంశాల కొలమానం మీద కనీసం 70 రావాలి. ఆ కొలమానం తయారైందీ సికింద్రాబాదులోనే. మా ఆయన సర్టిఫికెట్ అక్కర్లేదన్నాడు. ఆఫీసులో తన సీటు మీది ట్యూబ్‌లైటు మార్పించుకున్నాడు, అంతే.

మీ ఇంట్లో ఎవరైనా ఈ పరీక్షకి బయల్దేరుతుంటే ఓ మాట. పెద్దవాళ్ళని "తేడాగా ఉండేవాడా" అని అడగకండి. ఏం తినేవాడు, పండక్కి ఎక్కడ దాక్కునేవాడు, దేనికి ఏడ్చేవాడు అని అడిగి కాగితం మీద రాసుకోండి. పాత ప్రోగ్రెస్ కార్డులుంటే పట్టుకెళ్ళండి. ఆ ఇంట్లో పుట్టనివాళ్ళని, కోడలినో అల్లుడినో చిన్ననాటి స్నేహితుడినో, ఒకరిని వెంటబెట్టుకోండి. చూసే సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే కనుక్కోండి.