ఊరు అడిగి బట్ట కొన్న కాలం

విదేశీ వస్త్ర బహిష్కరణకు 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్ సభ పిలుపునిచ్చింది. బట్ట మాంచెస్టర్ మిల్లుదా, మన మగ్గానిదా అని అడగడం దేశసేవ అయింది. 1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు తెలుగు జిల్లాల యువకులను కదిలించాయి. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది.

రాట్నపు పనిలో శ్రీకాకుళం ప్రాంతపు పొందూరు నేర్పు అపురూపం. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నంపై 100 కౌంటు దాకా సన్నని నూలు వడుకుతారు. ఇంత శ్రమ ధర చీటీలో కనబడదు. అయితే 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం, సరుకు పుట్టిన ఊరి పేరుకు రక్షణ తెచ్చింది. పోచంపల్లి ఇక్కత్ వస్త్రం ఆ చట్టం కింద గుర్తింపు పొందింది.